ఫోను మనదే, బండి ఎవరిది?

సంక్రాంతికి బెంగుళూరు నుంచి వాడకు వచ్చిన పిల్లల నోట ఒకటే మాట: ‘నమ్మ యాత్రి’. వీళ్ళంతా హిందూపురంలో రైలెక్కి పోయి అక్కడ ఆటోలు తోలుకుంటున్న మాల మాదిగ పిల్లలు. కొందరు మా బడిలో పది తప్పి పోయినవాళ్ళే. ఈ కొత్త యాప్ మన బతుకుల్ని మార్చేస్తుందని వాళ్ళ నమ్మకం. ఎంతవరకు మారుస్తుందో చూద్దాం.

ముందు మంచి చెప్పుకుందాం. మంచిని మంచి అనడానికి మనకు మొహమాటం ఎందుకు? 2022లో బెంగుళూరులో మీటరు మీద మొదటి రెండు కిలోమీటర్లకు 30 రూపాయలుంటే, పెద్ద కంపెనీల యాప్‌లు వంద దాకా గుంజుతున్నాయని జనం మొత్తుకున్నారు. తోలేవాడికి ఆ వంద చేరిందా? లేదు. మధ్యలో కమీషను కోత. ఆ గొడవల్లోనే, అదే ఏడు నవంబరులో, ఒక ఆటో డ్రైవర్ల సంఘం, జస్‌పే అనే కంపెనీ కలిసి నమ్మ యాత్రిని తెచ్చాయి. కమీషను లేదు. బాడుగ నేరుగా డ్రైవరు చేతికే. 2023లో చందా పెట్టారు, రోజుకు 25 రూపాయలు. వెయ్యి సంపాదించినవాడు నూటికి ఇరవై లెక్కన రెండు వందలు వదులుకోవడం ఎక్కడ, పాతిక కట్టడం ఎక్కడ! దీని దెబ్బకే 2025 నాటికి పెద్ద కంపెనీలూ ఆటోలకు కమీషను మాని చందా పద్ధతికి దిగివచ్చాయి.

ఇంకో మంచి ఉంది. పేపర్లవాళ్ళు దీన్ని రాయరు. “సార్, స్టాండులో మమ్మల్ని నిలబడనియ్యరు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. ఫోన్లో అయితే ఆ అడిగేవాడు లేడు” అన్నాడు ఒక పిల్లోడు. ఊళ్ళో రచ్చబండ ఎట్లాంటిదో పట్నంలో ఆటో స్టాండు కొందరికి అట్లాంటిది. చెట్టునీడ కూడా ఎవరో ఒకరి సొంతమే. ఆ నీడతో పనిలేకుండా బేరం దొరకడం మనవాళ్ళకు చిన్న సంగతి కాదు. అయితే అదే ఫోన్లో మన పేరూ ఫొటో ఎక్కేవాడికి కనపడతాయి. పేరు చూసి రద్దు చేశాడో, ఆలస్యమైందని రద్దు చేశాడో ఫోను చెప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగాం: “ఆటో ఎవరిదిరా?” తొమ్మిది మందిలో ఏడుగురివి బాడుగ బండ్లు. పొద్దున తాళంచెవి తీసుకున్నప్పుడే ఓనరుకు బాకీ మొదలు. బేరం ఉన్నా లేకున్నా, జ్వరమొచ్చినా, బాడుగ కట్టాల్సిందే. కమీషను పోయిందని తెలిసిన ఓనరు బండి బాడుగ పెంచాడట! యాప్ మిగిల్చింది యజమాని జేబుకే పోతే మనకొరిగిందేమిటి?

అంతకన్నా ఘోరం ఇంకోటి. వాళ్ళలో ముగ్గురు ఓనరు పేరుమీద ఉన్న ఐడీతో తోలుతున్నారు. ఒళ్ళు వంచేది మనవాడు, లెక్కలో పేరు ఇంకొకడిది. కర్ణాటక ప్రభుత్వం 2025లో గిగ్ కార్మికుల చట్టం తెచ్చింది. డ్రైవరుకిచ్చే దాంట్లో ఒకటి నుంచి ఐదు శాతం దాకా లెక్కగట్టి కంపెనీలు సంక్షేమ నిధికి కట్టాలంది. బోర్డులో పేరు నమోదైనవాడికే ఆ నిధి. మరొకరి ఐడీతో తోలేవాడు రేపు కాలు విరిగి పడుంటే వాడు కార్మికుడని ఎవరు ఒప్పుకుంటారు?

“అది మన యాప్ సార్” అంటారు పిల్లలు. పేరులో ‘నమ్మ’ ఉన్నంత మాత్రాన మనదైపోదు. చందా తగాదాతో డ్రైవర్ల సంఘం 2023లోనే బయటికొచ్చింది. 2024లో గూగుల్ లాంటి పెద్ద కంపెనీల పెట్టుబడి లోపలికొచ్చింది. పెట్టినప్పుడు పాతిక. రేపు యాభై చేస్తే అడగడానికి డ్రైవరుకు అందులో ఓటుందా? సర్కారే నడిపితే బాగుంటుందని కొందరంటారు. కేరళ 2022 ఆగస్టులో ‘కేరళ సవారీ’ అని నడిపి చూసింది. బండ్లు చాలక మొదట్లో చతికిలబడింది. సర్కారైనా, కంపెనీ అయినా, తోలేవాళ్ళు గట్టిగా లేనిచోట నడవదు.

ఎక్కేవాళ్ళ గోడూ ఉంది. ముందే పదో ఇరవయ్యో ఎక్కువిస్తేనే బండి కదిలే పద్ధతి వచ్చింది. ఆస్పత్రికి పోయే బాలింత ఆ పది ఎక్కడ తెస్తుంది? మన పిల్లలు ఇది కూడా ఆలోచించాలి. ఎక్కేది కూడా మన అక్కచెల్లెళ్ళే.

యాప్ వాడొద్దని మేము అనడం లేదు. వాడండి. కానీ బ్యాడ్జి మీ పేరున తీయండి, ఐడీ మీ పేరున పెట్టండి, బోర్డులో పేరెక్కించుకోండి. బండి కోసం ఎస్సీ కార్పొరేషన్‌కు అర్జీ పెట్టండి, బ్యాంకు మేనేజరు తిప్పితే ఒంటరిగా తిరగొద్దు. వచ్చే ఆదివారం సాయంత్రం అంబేద్కర్ విగ్రహం దగ్గర కూర్చుంటాం. కులం సర్టిఫికెట్టు, ఆధార్, లైసెన్సు జిరాక్సులు తెచ్చుకోండి. అర్జీలు మేము రాసిపెడతాం. బెంగుళూరు బండెక్కినవాళ్ళవి వాళ్ళ అమ్మలు తెచ్చినా సరే.