పరహేజ్ ఆమెకు, పసంద్ మనకా?

మా కొల్లాపూర్ గల్లీలల్ల నలభై దాటిన మగోళ్లు నలుగురు చాయ్ కాడ కూసుంటే ఒక మాట తప్పకుండ వినబడ్తది. "ఘర్వాలీకి షుగర్ వచ్చింది భాయ్. ఆమె పరహేజ్ ఆమె చేస్కుంటున్నది." చెప్పేటాయనకు అండ్ల ఖరాబేం కనబడది. నాకు మాత్రం అసలు బీమారీ ఆ మాటల్నే కనబడ్తది. ఆమె పరహేజ్ ఆమె చేస్కోవాలె అంటే అర్థమేంది? గోలీలు ఆమెవి, సూది పోట్లు ఆమెవి, నోరు కట్టుకునే బాధ ఆమెది. బగారా అన్నం, బిర్యానీ, డబుల్ కా మీఠా మాత్రం మనవి. వాటిని వండే చేతులు మళ్ల ఆమెవే.

ఈ మాటతోనే నా లడాయి. టైప్ 2 షుగర్ ఒక మనిషి ఒంట్ల ఉంటది. దాని ఇలాజ్ల పెద్ద హిస్సా మాత్రం దస్తర్‌ఖాన్ మీద ఉంటది. దస్తర్‌ఖాన్ ఎప్పుడూ ఒక్కరిది కాదు. గందుకే బీవీకి షుగర్ వస్తే పరహేజ్ ఇల్లంతటికీ ఫర్జ్. షౌహర్‌కైతే అందరికన్న ముందు ఫర్జ్.

మియాకు షుగర్ వచ్చిన ఇంటిని ఒకసారి యాద్ చేస్కోండ్రి. తెల్లారెసరికి ఆయనకు జొన్న రొట్టె తయార్. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల కూర ఎక్కువ, అన్నం తక్కువ. చాయ్‌ల చక్కెర బంద్. గోలీ యాదికి తెచ్చేది బీవీ, చెప్పుల సైజు సరిగ్గ ఉందా లేదా చూసేది బీవీ. ఇంత చేసినా షుగర్ పెరిగితే "నువ్వే సరిగ్గ పెడ్తలేవు" అన్న ఇల్జామ్ కూడ ఆమె మీదనే. అదే బీవీకి వస్తే? ఆమె అందరికీ వండి, అందరికీ వడ్డించి, ఆఖర్ల గిన్నెల మిగిలింది తింటది. మిగిలేది ఏంది? గోష్ట్ బోటీలు అయిపోతయ్, పప్పు అడుగంటుతది. మిగిలేది అన్నమే. పొద్దుగాల్ల పిల్లలు ఇడ్సిపెట్టిన బన్ను, రాత్రి మిగిలిన చల్లన్నం పారేస్తే గునాహ్ అని అదీ ఆమె కడుపులకే. ఇగ డాక్టర్ రాసిచ్చిన డైట్ కాయితం ఫ్రిజ్ మీద మ్యాగ్నెట్ కింద ఉంటది, ఎవరి కోసం రాసిండో ఎవరికీ యాది ఉండది.

ఇంకో రకం షౌహర్లున్నరు. వీళ్లు ఖిద్మత్ చేస్తున్నమనే అనుకుంటరు. చేసేది కొత్వాలీ. చెయ్యి మీఠా గిన్నె మీదికి పోతే మెహమాన్ల ముంగట్నే "ఏయ్, షుగర్ ఉంది నీకు" అని గద్దిస్తరు. ఆ గద్దించిన నోట్లనే అప్పుడు ఖుబానీ కా మీఠా ఉంటది. ఆమె అందరి ముంగట నవ్వి, అందరు పోయినంక బావర్చీఖానాల నిలబడి తింటది. సిగ్గుపడేటట్టు చేస్తే ఆకలి పోదు, చాటుకు పోతది. చాటుకు తిన్నది రిపోర్టుల ఎట్లైనా బయటపడ్తది. హెచ్‌బీఏవన్‌సీ దాదాపు మూడు నెలల ఖర్సు లెక్క చెప్పే టెస్ట్. దాని ముంగట ఒక్క రోజు పరహేజ్ నాటకం నడ్వది.

మా ఇంట్ల బేగంకు షుగర్ వచ్చి ఆరేండ్లయితున్నది. ఆమె నాకు చెప్పిన ఒక్క మాట ఇక్కడ పెడ్త. "మీరు నన్ను ఆపొద్దు జీ. ఇంట్లకు తేవొద్దు." ఏ డైటీషియన్ ఇంతకన్న సాఫ్‌గ చెప్పలేరు. బిస్కెట్ పాకెట్ ఇంట్ల పెట్టి ఆమెను సబర్ చేయమనుడు ఇమ్తిహాన్ పెట్టుడైతది, సాయం చేసుడు కాదు.

"బీమారీ ఆమెదైతే మేమెందుకు మారాలె?" అనేటోళ్లకు కొన్ని లెక్కలు. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023ల చెప్పిన ప్రకారం మన ముల్క్‌ల షుగర్ ఉన్నోళ్లు 10 కోట్ల పైనే. షుగర్ వచ్చే దారిల ఉన్నోళ్లు ఇంకో 13 కోట్ల పైన. అంటే ఆమె ఎదురుంగ కూసొని తింటున్న మీరు ఆ రెండో లెక్కల లేరని గ్యారంటీ ఏంది? కెనడాల మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు 2014ల పాత అధ్యయనాలన్నీ జమ చేసి చూసిండ్రు. మియా-బీవీలల్ల ఒకరికి షుగర్ ఉంటే రెండో వాళ్లకు వచ్చే ఖత్రా 26 శాతం ఎక్కువని తేలింది. మియా-బీవీల మధ్య ఖూన్ కా రిష్తా లేదు. మరి ఈ ఖత్రా ఎట్ల వచ్చింది? ఒకటే దస్తర్‌ఖాన్, ఒకటే తీరు కూసొనుడు, ఒకటే తీరు పండుడు. ఆమె ప్లేట్ మారితే సగం ఫాయిదా మీదే.

మన పాలమూరు సంగతి ఇంకా వేరే. ఇది జొన్నల ఇలాఖా. మన దాదీలు, నానీలు జొన్న రొట్టె, సజ్జ రొట్టె, గట్క, అంబలి మీద బతికిండ్రు. బియ్యం అంటే ఈద్‌కు, పండుగకు, దావత్‌కు. 1983ల ఎన్టీఆర్ సర్కార్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఆకలిని కొట్టిన స్కీం అది, నేను తిట్టను. తర్వాత కొల్లాపూర్ పక్కన ఎల్లూరు కాడ కల్వకుర్తి లిఫ్ట్ మోటర్లు కృష్ణ నీళ్లు ఎత్తిపోసినయ్. నీళ్లు పోయిన కాడల్లా వరి వచ్చింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌ల మొదలుపెట్టి రేషన్‌ల సన్నబియ్యమే ఇస్తున్నరు, తలకు 6 కిలోలు. గరీబోని ఇంట్ల సన్నబియ్యం వండుడు ఇజ్జత్ సంగతే, దానికీ నేను ఖుష్. మగర్ మూడు పూటలు తెల్లన్నమే అయి, పొలం పని పోయి, కుర్సీ మీద బతుకు వచ్చినంక ఒంటికి ఆ అన్నం ఎక్కడ ఖర్చు చేసుకోవాలె? రేషన్ దుకాన్ల జొన్నలు, కందిపప్పు కూడ కావాల్సినోళ్లు తీస్కునేటట్టు ఉండాలె. షుగర్ గోలీలు ముఫ్త్ ఇచ్చే సర్కార్, షుగర్ పెంచే తిండి ఒక్కటే ముఫ్త్ ఇస్తే ఎట్ల?

సర్కార్ సంగతి సర్కార్‌ది. మన ప్లేట్ మన చేతుల ఉన్నది. హైదరాబాద్‌ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల సలహాలు చెప్పింది. ప్లేట్‌ల సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలె. రోజు మొత్తం శక్తిల అన్నం, రొట్టెలసోంటి ధాన్యం నుంచి వచ్చేది 45 శాతం దాటొద్దు. ఐసీఎంఆర్-ఇండియాబ్ వాళ్లు చూస్తే మనోళ్లు దాదాపు 62 శాతం పిండి పదార్థం నుంచే తీస్కుంటున్నరు. ఈ రెండు అంకెల నడుమ ఉన్న ఫాస్లానే మన బీమారీ.

గా ఫాస్లా దాటనీకి వేరే వంట అవసరం లేదు, ఇది బాగ గుర్తుపెట్టుకోండ్రి. "షుగరోళ్ల వంట" అని వేరే గిన్నె పెట్టిన నాడే ఆమె ఇంట్ల పరాయిదైతది. అదే వంట, మిక్దార్ వేరే. పుంటికూర గోష్ట్ చేస్తే పుంటికూర, గోష్ట్ ఎక్కువ, అన్నం ఒక చిన్న కప్పు. దాల్చా అన్నంల తడిపే పులుసు తీర్గ వద్దు, పప్పు, సొరకాయ ముక్కలు నిండుగ ఉన్న కూర తీర్గ చేయాలె. మొదలు ఖీరా, కూర, బోటీ తిని, అన్నం ఆఖర్ల తింటే షుగర్ గట్ల ఎగిరి దుంకది. తిన్నంక పది పదిహేను నిమిషాలు ఇద్దరు కలిసి నడ్వాలె. మన మొహల్లాల ఆడామె ఒక్కతే రాత్రి నడ్వనీకి పోతే సవా సవాల్లు. షౌహర్ పక్కన నడిస్తే ఒక్క సవాల్ రాదు. గింత పని కూడ చేయలేమా?

ఇక మార్కెట్‌ల అమ్మే వహమ్‌లు. "షుగర్ బియ్యం" పేరు మీద తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, బాగ నడుస్తున్నది. మామూలు సన్నాలకన్న అది షుగర్‌ను కొంచెం మెల్లగ పెంచొచ్చు. మగర్ అదీ అన్నమే. మెల్లగ పెంచుతదని రెండింతలు తింటే లెక్క బరాబర్. జొన్న రొట్టె అంతే. రెండు తింటే దవా, ఐదు తింటే మళ్ల అదే బీమారీ. బెల్లం, శహద్, ఖజూర్ చక్కెరకు భాయీబంద్‌లే. సున్నత్ అని ఖజూర్ తినుడు వేరే, సున్నత్ పేరు మీద డజన్ తినుడు వేరే. ఫోన్ల కాకరకాయ రసం, మెంతుల పొడి అమ్ముకుంట "గోలీలు బంద్ చేయుండ్రి" అనే నఖ్లీ హకీమ్‌ల మాట అసలు వినొద్దు. తిండి మారి షుగర్ తగ్గుతుంటే గోలీల మోతాద్ తగ్గించాల్నా లేదా డాక్టరే చెప్పాలె. కొన్ని గోలీలతోని షుగర్ మరీ కిందికి పడిపోయే ఖత్రా ఉంటది.

దావత్‌ల సంగతి చెప్తే కొందరికి గుస్సా వస్తది. రానీ. "నక్కో ఆపా" అని ఆమె మూడు సార్లు అన్నా ప్లేట్‌ల మీఠా వేసేటోళ్లది మొహబ్బత్ కాదు. "ఒక్క రోజుకు ఏమైతది, ఒక గోలీ ఎక్కువేస్కో" అంటరు. రిష్తేదార్లు ఎక్కువున్న ఇంట్ల ఆ "ఒక్క రోజు" వారానికి రెండు సార్లు వస్తది. అఖీఖా, బిస్మిల్లా, మంగ్నీ, వలీమా, చెహల్లుం. అక్కడ ఆమె "నక్కో" అంటే నఖ్రా అంటరు. షౌహర్ పక్క నుంచి "ఆమెకు వద్దు, నాకూ వద్దు" అంటే మాట అక్కడ్నే ఖతం. మెహమాన్‌నవాజీ చేసేటోళ్లు కూడ సోచాయించాలె. నలభై దాటిన మెహమాన్లు వందమంది వచ్చే దావత్‌ల ఒక కూరగాయల సాలన్, ఒక దాల్, ఖీరా-ప్యాజ్ తట్ట పెడితే ఇజ్జత్ తగ్గుతదా?

రమ్జాన్‌ల ఈ నాఇన్సాఫీ ఇంకా పెద్దగైతది. 13 ముల్కుల్ల 2001ల చేసిన ఎపిడయార్ అధ్యయనంల టైప్ 2 ఉన్నోళ్లు దాదాపు 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నరు. వాళ్లల్ల షుగర్ ప్రమాదంగ పడిపోయే ఖత్రా మామూలు నెలలకన్న ఏడున్నర రెట్లు పెరిగింది. బీమార్ మనిషికి రోజా నుంచి రుఖ్సత్ ఉన్నదని సూరా బఖరాల సాఫ్‌గ ఉన్నది. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను "లోగ్ క్యా కహేంగే" అని గుంజుకునే హక్ సాస్‌కు లేదు, షౌహర్‌కు లేదు. రోజా ఉండొచ్చా లేదా అన్నది నెల ముందే డాక్టర్‌ను అడగాలె. రోజాల వేలు పొడిచి షుగర్ చూస్కుంటే రోజా టూటదు. 70 కన్న తగ్గినా, 300 దాటినా రోజా ఇడ్వాలె. ఇది డాక్టర్లు, ఆలిమ్‌లు కూడి చెప్పిన మాట. ఆమె ఖాళీ కడుపుతో మధ్యాహ్నం నుంచి పకోడీ, సమోసా నూనె ముంగట నిలబడితే, మనం మస్జిద్‌ల ఠండీ ఫర్ష్ మీద పండుకొని సవాబ్ లెక్క పెట్టుకుందమా?

మా కొల్లాపూరోళ్లకు మామిడి సవాల్ ఒకటి ఉంటది. ఎండకాలం వస్తే బేనిషాన్ వాసన ఇడ్వది. ఆ పేరే మన జబాన్‌ది, మచ్చ లేనిది అని. షుగర్ ఉన్నోళ్లకు మామిడి హరామ్ కాదు. అన్నం తిన్నంక మామిడి రసం గిలాస్ తాగుడు వద్దు. అన్నం లేని యాళ్ల, సగం కాయ, ఇద్దరు పంచుకొని తినొచ్చు. ఒక కాయ కోసి సగం ఆమెకు, సగం మీకు. దీనికన్న మీఠా రిష్తా ఏముంటది?

"ఇదంతా పైసలున్నోళ్ల ముచ్చట" అంటరు. కోడిగుడ్లు, శనగలు, పెసర్లు, బచ్చలి, తోటకూర, మునగాకు కొల్లాపూర్ అంగట్ల ఏది మహంగా? కూల్‌డ్రింక్, బిస్కెట్లు, మిక్సర్ పాకెట్ల ఖర్చు నెలకు లెక్క రాయుండ్రి, జవాబ్ దొరుకుతది. "పిల్లలకెందుకు సజా" అంటరు. అమ్మీకి షుగర్ ఉన్న పిల్లలకు రేపు వచ్చే ఖత్రా మామూలు పిల్లలకన్న ఎక్కువ. కూర నిండిన ప్లేట్ వాళ్లకు సజా కాదు, విరాసత్.

నిఖా నాడు నఫఖా జిమ్మేదారీ కబూల్ చేసినం. నఫఖా అంటే బియ్యం బస్తా తెచ్చి గోడకు ఆనిచ్చుడేనా? ఆమె ఒంటికి సరిపడే తిండి తెచ్చుడు, వడ్డించినప్పుడు ఆమె ప్లేట్ ముందు నింపుడు కూడ నఫఖానే. షుగర్ సబర్‌తోని తింటది. కండ్లు, కిడ్నీలు, కాళ్ల స్పర్శ. వేలు తీసేయాల్నని డాక్టర్ చెప్పిన నాడు దవాఖానా బెంచీ మీద ఏడ్చే షౌహర్లు బహుత్ మంది. ఆ ఆంసూల కన్న ఇయ్యాల రాత్రి మీ ప్లేట్‌ల తగ్గించే ఒక గరిటె అన్నం ఆమెకు ఎక్కువ పనికొస్తది.