ఉచిత విద్యుత్తు సరే, మరమ్మతు మాటేమి?

2021 ఏప్రిల్ మొదలుకొని తెలంగాణ ప్రభుత్వము రజకుల లాండ్రీలకును, దోభీఘాట్లకును, క్షౌరశాలలకును నెలకు 250 యూనిట్ల వరకు విద్యుత్తును ఉచితముగా నొసంగ నారంభించినది. నల్లగొండలో లాండ్రీపై బ్రతికిన కుటుంబమున బుట్టినవాడను గావున ఆ సాయము విలువ నాకు తెలియును. అయినను లాండ్రీని ముంచునది కరెంటు బిల్లొక్కటే కాదనియు, యంత్రము చెడిన దినమున పోవు బేరమును, కాలిన బట్టకు చెల్లించు సొమ్మును అంతకంటె బరువైనవనియు ఏలినవారికి తోచినట్లు లేదు.

మా బొగ్గుల ఇస్త్రీపెట్టె ఇత్తడిది. దాని మూతకొక్కెము అరిగి వదులు కాగా, క్రొత్తది కొనుటకు చేతిలో రూకలు లేక మా తండ్రి ఇనుపతీగ చుట్టి కొన్నేండ్లు నెట్టుకొనివచ్చెను. ఒక పెండ్లికి ముందునాడు ఆ తీగ సడలి, నిప్పుకణిక యొకటి పట్టుచీర కుచ్చెళ్ల చోట బడి, కందిగింజంత రంధ్రము చేసెను. ఆ యిల్లాలు పల్లెత్తు మాట యనలేదు; రంధ్రమును లోనికి మడిచి చీర కట్టుకొని పెండ్లికి బోయెను; కాని మరెన్నడును మా దుకాణపు మెట్టెక్కలేదు.

పిమ్మట కరెంటు పెట్టె వచ్చెను. అందు వేడిని అదుపుచేయు థర్మోస్టాటు మొనలు ఒకదానికొకటి అతుకుకొనిపోయినచో విద్యుత్తు తెగదు, పెట్టె కాగుచునే యుండును. నూలుబట్ట కొంత ఓర్చుకొనునేమో గాని, టెర్లిన్ చొక్కా వీపు కరగి పెట్టె యడుగున బంకయై నిలిచెను. “నిప్పైతే కండ్లకు కనబడ్తది, నీళ్లు చల్లితే సుయ్యిమని చెప్తది, ఈ కరెంటుకు ఎప్పుడు కోపమొస్తదో ఎట్ల తెల్వాలెరా?” అని మా తండ్రి వాపోయెడివాడు.

అప్పుచేసి తెచ్చిన పెద్ద ఉతుకు యంత్రము సంగతి చెప్పనే యక్కరలేదు. మా బోరునీటి సున్నము దాని హీటరు చుట్టకు పెచ్చుగట్టి తినివేసెను. తడిసిన దుప్పట్లు ఒక ప్రక్కకు చేరిననాడు, నీరు పిండు డ్రమ్ము పూనకము వచ్చినట్లూగి, బోల్టులు విరిచి, క్రింది సిమెంటు దిమ్మెను బీటలువార్చెను. హైదరాబాదు నుండి మెకానిక్కు వచ్చువరకు మా తల్లియు, మేనత్తయు లాడ్జీ దుప్పట్లను బండమీద నుతికి, చేతులు పొక్కించుకొనిరి. అంతలో లాడ్జీవారు వేరొక దుకాణము చూచుకొనిరి. ఇంతలోనొక వింత: యంత్రము చింపిన ప్రతి బట్టమీదను, నల్లజీడి రసముతో మేము పెట్టిన గుర్తు మాత్రము చెక్కుచెదరక, నష్టపరిహార మడుగువారికి సాక్ష్యమిచ్చుచుండెను.

విద్యుత్తును మాఫీ చేయుట దొరతనమునకు సులువు, ఒక్క ఉత్తరువుతో దీరును. మరమ్మతునకు మనుష్యులు కావలెను. ఆ మనుష్యులు లేకపోలేదు. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ విద్యలు నేర్చు యువకులున్నారు. ప్రతి జిల్లాకేంద్రమునను అట్టి విద్యాలయమొకదానికి చేర్చి మరమ్మతుశాల నెలకొల్పి, థర్మోస్టాట్లును, బెల్టులును, బేరింగులును అందు నిలువయుంచి, కాలిన బట్టల పరిహారమునకు లాండ్రీదారుల సహకార సంఘములకు కొంత మూలధన మొసంగవలెనని ప్రభుత్వమును కోరుచున్నాను. రానున్న బడ్జెటులోనే దీనికి పద్దు వ్రాయుదురు గాక.