లెక్క కంచం దగ్గరే ఆపొద్దు

ప్రకృతి వ్యవసాయం ఎందుకండీ అంటే అందరం ఒకటే చెప్తాం: విషం లేని తిండి కోసం. మంచిదే. కానీ చేను నుంచి, కుండీ నుంచి బయటికి పోయే నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో అసలు లెక్క అదే.

45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. పైరు తీసుకోగా మిగిలిన దాంట్లో కొంత నీళ్లతో కాలవలోకి పోతుంది. అది సముద్రం చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి అడుక్కి దిగుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ లాగేస్తాయి. లీటరుకి 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలు పారిపోతాయి. మరి ఆల్చిప్పలు ఎక్కడికి పోతాయి? ఉన్నచోటే చస్తాయి. మన నేలకి వానపాము ఎలాగో, సముద్రపు బురదని తిరగేసే పురుగులు, పీతలు అలాగ. అవి పోతే అడుగు బీడే.

అమెరికాలో మిసిసిపీ నది మొక్కజొన్న చేల నత్రజనిని మోసుకెళ్లడం వల్ల 2017 వేసవిలో మెక్సికో సింధుశాఖలో సుమారు 22,700 చదరపు కిలోమీటర్ల మేర అడుగునీళ్లు ఇలాగే ఊపిరాడని స్థితికి వచ్చాయి.

మన బంగాళాఖాతం లోతుల్లో ఆక్సిజన్ సహజంగానే చాలా తక్కువ. నదుల మంచినీళ్లు తేలిగ్గా పైన పరుచుకోవడంతో పైనీళ్లు, కిందినీళ్లు సరిగా కలవవు. అలాంటి చోటికి మనమూ నత్రజని పంపిస్తున్నాం. హైదరాబాద్ మురుగు మూసీలో, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణమ్మ హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతుంది.

పేడ అయితే ఏమీ కాదనుకోకండి. కాలవలో పడితే పేడలోదైనా నత్రజనే. జీవామృతం గొప్పతనం కొలతలో ఉంది: ఎకరానికి 200 లీటర్లు, అందులో పేడ 10 కిలోలే. భూమిని కప్పి ఉంచే ఆచ్ఛాదన, గట్టు మీద గడ్డి ఆ కాస్తనీ కొట్టుకుపోకుండా పట్టుకుంటాయి.

అందుకే కూరగాయలు కొనేటప్పుడు "మందు కొట్టావా?" అనే కాదు, "యూరియా ఎంత వేశావు? గట్టున గడ్డి ఉందా?" అని కూడా అడగండి. కుండీల కింద పళ్లెం పెట్టండి. మీ అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో మురుగు శుద్ధి ప్లాంటు నిజంగా నడుస్తోందా అని అడగండి. మన పంటకి విషం లేకపోవడం సగం పనే. అవతలివాళ్ల నీళ్లకి మన భారం లేకపోవడం మిగతా సగం.