దగ్గును దాచువారికి మనవి

మన దుకాణములలో దగ్గు తరచు వినబడుచున్నది. అడిగినచో కొందరు ధర్మాబాదు మిరపఘాటనియు, కొందరు పత్తిదూగర యనియు చెప్పుదురు. రెండు వారములు దాటినను అదే మాట! క్షయ యను పేరు బయటపడినచో పిల్లకు సంబంధము తప్పిపోవునను భయమే దీనికి మూలమని మా యభిప్రాయము.

ఇది వంశపాపము కాదు. దీని సూక్ష్మజీవిని కాక్ పండితుడు 1882 మార్చి 24వ తేదీననే వెల్లడించెను. రోగి దగ్గినపుడు అది గాలిలో చేరి ఇతరుల ఊపిరితిత్తులలో ప్రవేశించును. అచ్చటి రక్షకకణములు దానిని మ్రింగి, చుట్టును గోడ కట్టి బంధించును. అందుచేత అంటినవారిలో నూటికి సుమారు 90 మందికి రోగము రానే రాదు. తిండి చాలకున్నను, మధుమేహము ముదిరినను ఆ గోడ సడలును. గల్లాపెట్టె కడ కూర్చుండు మనవారిలో మధుమేహ మెంత గలదో వేరుగ చెప్పవలెనా?

1956లో మదరాసున వెలసిన క్షయ చికిత్సా కేంద్రమువారు, ఇంటనుండి మందు పుచ్చుకొన్నవారును శానిటోరియములోనివారివలెనే కోలుకొందురని 1959లో నిరూపించిరి. సర్కారు దవాఖానాలలో కఫపరీక్షయు మందులును ఉచితము. సామాన్యముగా ఆరు నెలల మందు చాలును. నడుమ మానినచో మందుకు లొంగని క్షయ పుట్టవచ్చును. 2024 నవంబరు నుండి పోషణకై నెలకు 1000 రూపాయలును ఇచ్చుచున్నారు. ఆ సొమ్ము మనకేల యనువారు మానుకొనవచ్చును. పరీక్ష మాత్రము మానరాదు.

ఒకరికి రోగము తేలినచో ఆ యింటివారందరును పరీక్షించుకొనవలెను. విష్ణుపురి ఆసుపత్రికి ఒంటరిగ పోవుటకు బిడియపడువారు మాకు కబురంపుడు. వెంట వచ్చెదము, ఎవరితోను చెప్పము.