ఒకే నేరం, మూడు తలరాతలు

ఒకే కుటుంబంలో నలుగురిని చంపిన కేసులో ఉత్తరప్రదేశ్‌లోని పిలిభిత్ సెషన్స్ కోర్టు 1975లో ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. అలహాబాద్ హైకోర్టు ఖాయం చేసింది. నేరంలో ముగ్గురి పాత్రా సమానమే. కానీ సుప్రీంకోర్టుకు విడివిడిగా వెళ్లారు, వేర్వేరు ధర్మాసనాల ముందు పడ్డారు. మొదటివాడి పిటిషన్‌ను 1976లో కొట్టేశారు. రెండోవాడికి 1977లో యావజ్జీవంగా తగ్గించారు. మూడోవాడు హర్బన్స్ సింగ్. అతని పిటిషన్నీ, రివ్యూనీ కూడా తోసిపుచ్చారు. సహనిందితుడికి ఉరి తప్పిందని కోర్టు కార్యాలయం తన నివేదికలో రాసే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. 1981 అక్టోబర్ 6న మొదటివాణ్ని ఉరితీశారు. అదేరోజు ఉరికంబం ఎక్కాల్సిన హర్బన్స్ సింగ్ రిట్ పిటిషన్ వేసి స్టే తెచ్చుకోబట్టి బతికాడు. అతని శిక్ష తగ్గించాలని 1982లో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం రాష్ట్రపతికి సిఫారసు చేసింది. అప్పటికే ప్రాణం పోయినవాడికి ఏ కోర్టు ఏం తిరిగి ఇవ్వగలదు?

పాత ముచ్చటని తీసిపారేయడానికి లేదు. మారణాయుధంతో తీవ్రంగా గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కింద ఏడాది జైలు వేయవచ్చు, యావజ్జీవమూ వేయవచ్చు. మధ్యలో ఎక్కడ ఆగాలో చెప్పే కొలబద్ద లేదు. అందుకే కోర్టు వరండాలో కక్షిదారు వకీలుగారిని ముందు అడిగేది సెక్షన్ సంగతి కాదు. "సార్, మన కేసు ఏ జడ్జిగారి దగ్గర పడింది?" అనే. ఆ ప్రశ్న పుట్టిందంటేనే వ్యవస్థ మీద నమ్మకం సగం పోయినట్టు.

జడ్జికి విచక్షణ ఉండాల్సిందే. ఆకలికి దొంగిలించినవాణ్నీ, ఆరితేరిన దొంగనీ ఒక్క గాటన కట్టలేం. అయితే విచక్షణకు కారణం ఉండాలి, ఆ కారణం తీర్పులో కనపడాలి. శిక్షలకు మార్గదర్శకాలు కావాలని నేర న్యాయ సంస్కరణలపై వేసిన మలిమఠ్ కమిటీ 2003లోనే చెప్పింది. 2023లో ప్రధాన నేర చట్టాలను తిరగరాసిన పార్లమెంటు ఈ లోటును అలాగే వదిలేసింది. శిక్షల విధానంపై ఆలోచించమని 2024లో సుప్రీంకోర్టే కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. ఇది ముమ్మాటికీ ప్రభుత్వ నిర్లక్ష్యమే.

కేంద్రం మార్గదర్శకాల బిల్లు తేవాలి. ఈలోగా ఇంత శిక్ష ఎందుకు వేశారో, అదే కేసులో మిగతావారికి ఎంత పడిందో ప్రతి జడ్జీ తీర్పులో రాయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఒకరికి ఉరి తప్పించిన 1977 నాటి ధర్మాసనం మిగతా ఇద్దరి సంగతేమిటని అడిగి ఉంటే, మొదటివాడికీ బతికే అవకాశం ఉండేది.