గుండమ్మ మీద జాలి ఎవరి పుణ్యం?

'గుండమ్మ కథ' అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు. తర్వాత సూర్యకాంతం. అక్కడితో లిస్టు అయిపోతుంది. ఛాయాదేవి పేరు చెప్పేవాళ్లు మన ఫ్రెండ్స్‌లో ఎంతమంది ఉంటారు?

1962లో వచ్చిన ఆ సినిమాలో ఇంతమంది స్టార్లున్నా టైటిల్ మాత్రం సూర్యకాంతం పాత్ర మీద పెట్టారు. అదే పెద్ద విషయం. కానీ కథలో ఒక చిక్కుంది. గుండమ్మ సినిమాలో చాలాసేపు సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిలా చూస్తుంది. అలాంటామె మీద చివర్లో మనకు జాలి కలగాలి. ఎలా?

ఆ పని చేసింది ఛాయాదేవి. కోడలి తరఫు బంధువు దుర్గమ్మగా ఇంట్లో అడుగుపెట్టి పెత్తనం మొత్తం లాగేసుకుంటుంది. సూర్యకాంతం ఎంత గయ్యాళితనం చూపించినా మనకు ఎక్కడో ఓ చోట నవ్వొస్తుంది. ఛాయాదేవి దగ్గర ఆ నవ్వు రాదు. ఆ చూపులో, ఆ విసురులో నిజంగానే భయం ఉంటుంది. అంత పెద్దనోరున్న గుండమ్మ తన ఇంట్లో తనే బిక్కుబిక్కుమంటూ ఉంటే మనం తెలియకుండానే ఆమె పక్షం తీసుకుంటాం. ఛాయాదేవి కొంచెం తగ్గి చేసినా ఆ క్లైమాక్స్ పండేది కాదు.

ఇప్పుడు అయిదేళ్లు వెనక్కి, 1957 నాటి 'మాయాబజార్'కి వెళ్దాం. అందులో శశిరేఖ తల్లి రేవతి ఈ ఛాయాదేవే. పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే రేవతి మనసు మారిపోతుంది. పేదింటికి పిల్లనివ్వడం ఎందుకని లెక్కలేసే తల్లి అన్నమాట. అలాంటివాళ్లు ఇప్పటి పెళ్లి సంబంధాల్లోనూ కనిపిస్తారు. మాట తప్పారని అన్నింటి నుంచి కోపంగా వెళ్లిపోయే సుభద్ర ఋష్యేంద్రమణి. అడవిలో ఘటోత్కచుడు ఎదురైతే బాణం ఎక్కుపెట్టేదీ ఆమే.

ఇక ఘటోత్కచుడి తల్లి హిడింబి ఎవరో తెలుసా? మన సూర్యకాంతమే! అరుపుల్లేవు, ఆరళ్లు లేవు. ఇంటికొచ్చిన తోడికోడలిని ప్రేమగా ఆదరించే పెద్ద మనసు. ఇంకో తమాషా చూడండి. కొడుకుగా వేసిన రంగారావు పుట్టింది 1918లో, తల్లిగా వేసిన సూర్యకాంతం పుట్టింది 1924లో. కొడుకు కంటే తల్లి ఆరేళ్లు చిన్న! సినిమా చూస్తుంటే మనకు ఆ అనుమానమే రాదు. ఇలాంటి నటిని మనం 'గయ్యాళి అత్త' అనే ఒక్క మాటకు కుదించేశాం. నోరున్న అత్తను తిట్టడానికి ఆమె పేరు వాడుకుంటూనే ఉన్నాం.

మన దిక్కు జనానికి సహాయ పాత్రల విలువ తెలియక కాదు. 2023లో సిరిసిల్ల పల్లెల్లో తీసిన 'బలగం' చూసి అందరం కండ్లు తుడుచుకున్నది ఎవరి కోసం? నల్లి బొక్క లొల్లితో తల్లిగారింటికి దూరమైన లచ్చవ్వ కోసం. ఆ పాత్ర చేసిన రూప లక్ష్మిని గుర్తుపట్టి మెచ్చుకున్నాం. మంచిదే. అదే చూపు పాత సినిమాల మీద కూడా పెడదాం.

ఈ ఆదివారం ఒక పని చేయండి. దుర్గమ్మ వచ్చిన దగ్గర్నుంచి 'గుండమ్మ కథ' పెట్టుకుని ఛాయాదేవిని మాత్రమే చూడండి. ఫార్వర్డ్ చేయొద్దు. పక్కన అమ్మో నాయనమ్మో ఉంటే ఆమె పేరు అడగండి. వాళ్లు టక్కున చెప్తారు. ఆ పేరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక మనమే.