దసరా చుట్టాలు

బొల్లారం స్టేషన్ అవతల కరెంటు తీగ మీద మొన్న పొద్దున పాలపిట్ట కనిపించింది. కూర్చున్నంతసేపూ అదేమంత అందగత్తె కాదు. మట్టిరంగు రొమ్ము, పెద్ద తల, అలిగినట్టుండే మొహం. గడ్డిలో మిడత కదిలింది. రెక్కలు విప్పి దూకినప్పుడు చూడాలి ఆ నీలం! ఆ రంగు అద్దకం కాదు. ఈకల్లోని సన్నని అల్లిక మీద వెలుగు పడి పుట్టేది.

ఈ పిట్టనూ జమ్మినీ దసరా నాడు ఒక్క పూటే చూస్తాం గనక ఇద్దరిదీ ఒకే ఇల్లనిపిస్తుంది. నిజానికి ఒకటి జంతువుల పద్దు, ఇంకొకటి మొక్కల పద్దు. పాలపిట్టకు లకుముకిపిట్ట చుట్టం. జమ్మిది చిక్కుడు కుటుంబం. కంది, చింత, తంగేడు దాని బంధువులు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ జమ్మిని మొదట అత్తిపత్తి పక్కన చేర్చాడు. ఆకు చూస్తే ఆయన్ను తప్పుపట్టలేం. 2014లో తెలంగాణ ఈ రెంటినీ రాష్ట్ర పక్షిగా, రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. రాజస్థాన్‌కూ జమ్మే రాష్ట్ర వృక్షం. ఆ చెట్లను నరకనివ్వబోమని 1730లో అక్కడ 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు.

జమ్మి వేళ్లు లోతుకు దించి ఎండను ఓర్చుకుంటుంది. పాలపిట్టకు పురుగూ పుట్రా ఉన్న బీడు, గూటికి తొర్ర కావాలి. కంటోన్మెంటు పాత చెట్లు, రాష్ట్రపతి నిలయం తోట ఉండబట్టి ఇక్కడ ఇంకా ఆ చోటు ఉంది. మందు కొట్టిన పొలం దానికి ఖాళీ విస్తరే. పన్నెండేళ్లలో పాలపిట్టలు 30 శాతం దాకా తగ్గాయని 2023లో దేశపు పక్షుల నివేదిక చెప్పింది. అప్పటికి ముప్పున్న జీవులను లెక్కగట్టే ప్రపంచ ఎరుపు జాబితాలో అది ఆందోళన అక్కర్లేని గడిలోనే ఉంది. మళ్లీ తూచి చూడమని ఆ నివేదికే కోరింది. జమ్మికి అంత గండం లేదు. కాకపోతే ఖాళీ జాగా దొరికితే చాలు, దాని సీమచుట్టం సర్కారు తుమ్మ వచ్చి కూర్చుంటుంది.

పండగ పూట పాలపిట్టను పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఎగిరే పిట్ట శకునమైతే, ఎగరలేనిది ఏం శకునమో!

కిందటి దసరా సాయంత్రం మా వీధి పెద్దావిడ నా చేతిలో జమ్మాకు పెట్టి "బంగారం" అంది. కాళ్లకు దండం పెట్టి, చెట్టెక్కడుందమ్మా అని అడిగాను.

"ఎవరో బండి మీద కొమ్మలు తెచ్చి అమ్మారు నాయనా. చెట్టును చూసి నాకూ చానా ఏళ్లయింది."